క్షవరానికి ముందే వివరం

ఫిబ్రవరి నెల. చిలకలూరిపేట దాటి పర్చూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా ఎర్రచీరలు ఆరేసినట్టు మిరప కళ్లాలు. పత్తి చేలల్లో ఆఖరి తీతలు. ఊళ్లో ముసలీముతకా తప్ప అందరూ పొలాల్లోనే. గుంటూరులో డిగ్రీ రెండో ఏడు చదివే కుర్రాడు కూడా నాలుగు రోజులు సెలవులొచ్చాయని ఇంటికొచ్చాడు. ఇలాంటి కుర్రాడు ఈ రోజుల్లో ఊరికొకడైనా ఉంటాడు.

అబ్బాయికి ఈమధ్యే గడ్డం నల్లబడింది. నాన్న రేజరు వాడటం నామోషీ. సినిమాలో హీరో మడత కత్తి తెరిచి, ఒక్క గీతతో చెంప నున్నగా చేసుకోవడం చూశాడు. తనకూ అలాంటిదే కావాలనిపించింది. ఫోన్‌లో వెతికితే రెండొందల రూపాయల లోపే దొరికింది. నల్లటి పిడి, అద్దంలా మెరిసే ఆకు. ఆదివారం పొద్దున్నే కత్తి తెరిచి అద్దం ముందు నిలబడ్డాడు.

పావుగంట గడిచింది. గడ్డం సగమే పోయింది. చెంప మీద మాత్రం మూడు గాట్లు పడ్డాయి. "ఏం కాదులే" అనుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని కళ్లంలోకి వెళ్లాడు. కాయలు తిరగేస్తూ చెమట పట్టిందని ఆ చేత్తోనే చెంప తుడుచుకున్నాడు. అంతే! గుంటూరు మిరప సంగతి తెలియాలంటే తిని చూడక్కర్లేదు. గాటు మీద ఘాటు పడితే చాలు.

చెంబెడు నీళ్లు కుమ్మరించుకున్నా మంట తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది? మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. నూనెలో, కొవ్వులో కరుగుతుంది. అమ్మ వచ్చి సబ్బుతో మెల్లగా కడిగి, చల్లటి తడిగుడ్డ వేశాక గానీ కుర్రాడు కుదుటపడలేదు. "క్షవరమైతే గానీ వివరం తెలియదు" అని పెద్దలు ఊరికే అనలేదు మరి!

కత్తి కాదు.. కత్తి ఆకారం

సాయంత్రం సగం గడ్డంతోనే సెలూన్‌కు వెళ్లాడు. అరవై ఏళ్లు దాటిన సెలూన్ పెద్దాయన కుర్రాడి మొహం చూడగానే నవ్వాడు.

"ఏందబ్బాయ్, చెంప మీద గొర్రు తోలావా?"

"కొత్త కత్తి బాబాయ్. సరిగ్గా తెగట్లా."

పెద్దాయన ఆ కత్తి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. ముంజేతి వెంట్రుకల మీద ఆనించి లాగాడు. ఒక్కటీ తెగలేదు.

"ఇది కత్తి కాదబ్బాయ్, కత్తి ఆకారం."

"అయితే రెండు వేలు పెట్టి మంచిది కొననా?"

"కొను. దాంతోపాటు నూరే రాయి, రుద్దే తోలు, నేర్చుకునే ఓపిక కూడా కొనాల."

కొత్తగా గడ్డం గీసుకునే వాళ్లలో చాలామంది పొరపడేది ఇక్కడే. చవక కత్తి కోసిందంటే ఖరీదైన కత్తి కోయదని లెక్కేస్తారు. అసలు సంగతి ధరలో లేదు, పదునులో ఉంది. ఆ పదును ఎవరు పెడతారు, ఎన్నాళ్లు నిలబెడతారు అన్నదే ప్రశ్న.

గడ్డం వెంట్రుకను తక్కువ అంచనా వేయకూడదు. పొడిగా ఉన్నప్పుడు అంతే మందమున్న రాగి తీగంత గట్టిగా ఉంటుందని చెబుతారు. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీటిలో నానితే మెత్తబడుతుంది. దాన్ని చర్మానికి ఆనుకుని తెగ్గొట్టాలంటే అంచు సన్నగా ఉండాలి, ఆ సన్నదనం వంగిపోకుండా ఉక్కు గట్టిగా ఉండాలి. మంచి కత్తిని ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. మళ్లీ కొద్దిపాటి వేడిమీద కాచి పెళుసుదనం తీసేస్తారు. ఆ తర్వాత రాయి మీద పదును పెడతారు. చవక కత్తిలో మెరుపు తప్ప ఇవేవీ సరిగా ఉండవు. ఆకు మెత్తటి లోహం. అంచు మీద పదును పెట్టిన దాఖలా ఉండదు. పెట్టినా రెండు గీతలకే ముడుచుకుపోతుంది.

తెగని కత్తి ప్రమాదం కాదనుకుంటారు గానీ, ఎక్కువ గాట్లు పెట్టేది అదే. వెంట్రుక తెగకపోయేసరికి చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది. వెంట్రుక దగ్గర ఆగిన అంచు చర్మంలోకి జారుతుంది. పదునైన కత్తికి చెయ్యి బరువు అక్కర్లేదు, దాని సొంత బరువే చాలు.

మన ఉక్కు వాళ్ల కత్తి

మంచి కత్తికి మంచి ఉక్కు కావాలన్న సంగతి తెలుగు నేలకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మన ఉక్కు అన్న మాటే ఇంగ్లీషు వాళ్ల నోట్లో పడి 'వూట్జ్' అయిందని చాలామంది పండితుల అభిప్రాయం. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఉండేవాడు. తన శస్త్రచికిత్స పరికరాలు, గడ్డం కత్తులు భారతదేశపు వూట్జ్‌తో చేసినవని ఆయన గర్వంగా ప్రకటించుకున్నాడు. ఆ ఉక్కు రహస్యం కనిపెట్టాలని 1820ల తొలినాళ్లలో మైకేల్ ఫారడేతో కలిసి ప్రయోగాలూ చేశాడు. విద్యుత్ పరిశోధనలతో ప్రపంచానికి తెలిసిన ఫారడే ఈయనే. ఆ ప్రయోగాల్లో తయారైన మిశ్రమ లోహంతో గడ్డం కత్తులు చేయించి స్నేహితులకు కానుకగా ఇచ్చాడట!

అంత మంచి ఉక్కు దొరికినా, రోజూ దాని పదును కాపాడే చెయ్యి ఉండాల్సిందే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ చెయ్యి నాయీబ్రాహ్మణులది.

పొదిలోని పదును

ఒకప్పుడు సెలూన్లు లేవు. పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. పొది అంటే కత్తులు, కత్తెర, దువ్వెన, అద్దం, నూరుడు రాయి, చిన్న గిన్నె పెట్టుకునే సంచి. వేపచెట్టు కిందో వసారాలోనో పీట వేసేవాళ్లు. డబ్బులిచ్చే పద్ధతి తక్కువ. పంట ఇంటికొచ్చాక కళ్లం దగ్గర ఇంత ధాన్యమని కొలిచేవాళ్లు. దాన్నే మేర అనేవారు. పెళ్లిలో సన్నాయి, డోలు వాయించేదీ చాలాచోట్ల వాళ్లే. గడ్డం గీసే చేతికీ సన్నాయి పట్టే చేతికీ కావాల్సింది ఒకటే, అదుపు.

ఆ కత్తిని చూసుకోవడమే ఒక చదువు. నెలకోసారో రెండు నెలలకోసారో రాయి మీద నూరాలి. కత్తి వీపు, అంచు రెండూ రాతిని తాకుతూ, అంచు ముందుండేలా పోనివ్వాలి. గీసే ప్రతిసారీ ముందుగా తోలు మీద రుద్దాలి. ఇక్కడ తిరకాసు ఉంది. తోలు మీద వీపు ముందుండాలి, అంచు వెనక రావాలి. పొరపాటున తిప్పితే తోలు తెగుతుంది, పదును పోతుంది. రాయి పదును పుట్టిస్తుంది, తోలు దాన్ని సరిచేస్తుంది. ఈ తేడా తెలియక ఎంతమంది కొత్తవాళ్లు ఖరీదైన కత్తులు పాడుచేసుకుని మూలన పడేశారో!

ఇంత పనితనమున్న పాత కత్తికి ఒక లోపం ఉంది. ఊరంతటికీ అదే కత్తి. ఒకరి చెంప మీద గాటు పడితే ఆ నెత్తురు చుక్క కంటికి కనిపించకుండానే మరో చెంప మీదకు చేరొచ్చు. 1990ల చివర, 2000ల మొదట్లో ఎయిడ్స్ భయం ఊళ్లను కమ్మేసింది. అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న జిల్లాల్లో గుంటూరు, ప్రకాశం కూడా ఉన్నాయి. 'సెలూన్‌కు వెళ్తే కొత్త బ్లేడు అడగండి' అనే మాట గోడల మీదకు, ఆకాశవాణిలోకి, బడిపిల్లల నోళ్లలోకి వచ్చింది.

నిజానికి హెచ్‌ఐవీ వైరస్ శరీరం బయట ఎక్కువసేపు బతకదు. కత్తి గాటుతో అది అంటుకునే ముప్పు చాలా తక్కువని వైద్యులు చెబుతారు. కానీ అదే జాగ్రత్త మరో శత్రువును అడ్డుకుంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఎండిన నెత్తురు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. కత్తిని ఒకసారి మందునీళ్లలో ముంచి తీసినంత మాత్రాన శుద్ధి అయిపోయినట్టు కాదు.

అందుకే సెలూన్లలో కత్తి మారింది. చూడ్డానికి పాత మడత కత్తిలాగే ఉంటుంది. అంచు స్థానంలో మాత్రం కొత్త బ్లేడును కాగితంతో సహా రెండుగా విరిచి, ఒక ముక్క బిగిస్తారు. గడ్డం అయ్యాక తీసి పారేస్తారు. నూరక్కర్లేదు, తోలు అక్కర్లేదు. అంటే చవక కత్తి నుంచి పైమెట్టు ఎక్కడం ఎలాగో ఈ జిల్లాల సెలూన్లు ఎప్పుడో తేల్చేశాయి. ధర ఎక్కువున్న కత్తి వైపు వెళ్లలేదు. పదును కాపాడాల్సిన పనే లేని కత్తి వైపు వెళ్లాయి.

మొద్దుబారిన కత్తి.. మెరిసిన ఆలోచన

అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్‌కు తట్టిందీ ఇదే. ఆయన ఊరూరా తిరిగి సీసా మూతలు అమ్మే ఉద్యోగి. వాడి పారేసి, మళ్లీ కొనే వస్తువేదైనా కనిపెట్టమని ఆ మూతల సృష్టికర్త ఒకసారి సలహా ఇచ్చాడట. 1895లో ఒక పొద్దున గడ్డం గీసుకోబోతే కత్తి మొద్దుబారి ఉంది. తోలు మీద రుద్దితే సరిపోయే స్థితి కూడా దాటిపోయింది. పదును పోయిన అంచును నూరడమెందుకు, అంచునే మార్చేస్తే పోలా అనిపించింది. అంత పల్చటి ఉక్కు రేకుకు పదును పెట్టే యంత్రం కుదరడానికే ఏళ్లు పట్టింది. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో రేజర్లే 90 వేలు దాటాయి!

అదే కంపెనీకి మన దేశం కూడా ఒక పాఠం నేర్పింది. భారతీయుల కోసం చేసిన ఒక రేజరును ముందుగా అమెరికాలో చదువుతున్న మన విద్యార్థులతో వాడించి చూశారు. బాగుందన్నారు. తీరా ఇక్కడికొచ్చాక బెడిసికొట్టింది. అక్కడ కుళాయి కింద పెడితే ఇరుక్కున్న వెంట్రుకలు కొట్టుకుపోతాయి. ఇక్కడ చాలామంది గడ్డం గీసుకునేది చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుని! ఆ సంగతి కళ్లారా చూశాక ఒకే బ్లేడుతో, సులువుగా కడుక్కునే రేజరును 2010లో పదిహేను రూపాయలకు తెచ్చారు. గడ్డం గీసుకునేవాడి ఇంటిని చూడకుండా గడ్డం కత్తి చేయలేరన్నమాట.

కొత్తవాళ్లకు నాలుగు మెట్లు

మళ్లీ మన కుర్రాడి దగ్గరకొద్దాం. పెద్దాయన మిగతా సగం గడ్డం గీస్తూ చెప్పిందంతా నాలుగు మెట్లలో చెప్పుకోవచ్చు.

మొదటి మెట్టు నీళ్లు, నురగ. ఉప్పునీటి బోరుంటే సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. గ్లాసెడు మంచినీళ్లు గోరువెచ్చగా చేసుకుంటే చాలు. స్నానం అయ్యాక గీసుకుంటే ఇంకా మేలు. రెండు నిమిషాలు నానకుండా ఏ కత్తి పెట్టినా అది గొర్రే.

రెండో మెట్టు మామూలు రేజరు. రెండంచుల బ్లేడు పెట్టుకునే పాతకాలపు రేజరైనా, చౌకలో దొరికే ఒకే బ్లేడు రేజరైనా సరే. దీంతో మొహం తెలుస్తుంది. వెంట్రుకలు చెంప మీద కిందకు, మెడ మీద చాలామందికి పక్కకో పైకో పెరుగుతాయి. పెరిగిన వైపే గీయాలి. నున్నదనం కోసం మొదటిరోజే ఎదురు గీస్తే వెంట్రుక చర్మంలోకి తిరిగి కురుపులవుతుంది. మొటిమలుంటే వాటి మీదుగా పోకుండా చుట్టూ గీసుకోవాలి.

మూడో మెట్టు బ్లేడు మార్చే మడత కత్తి. సరదా తీరాలంటే ఇదే దారి. రెండో చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టాలి. కత్తిని చెంపకు ముప్పై డిగ్రీల వాలులో ఉంచాలి. ఇంకా లేపితే కోస్తుంది, పడుకోబెడితే లాగుతుంది. చిన్న చిన్న గీతలే గీయాలి. అంచును పక్కకు జరపకూడదు. పక్కకు జరిగిందంటే గాటే! మొదటి వారం రెండు చెంపలకే వాడి, గడ్డం కింద, పెదవి పైన మామూలు రేజరుతో ముగించాలి. చేయి కుదరాలంటే బూరకు నురగ పూసి, అది పగలకుండా గీయడం మంచి సాధన. బూర పగిలితే నవ్వుకోవచ్చు, చెంప తెగితే నవ్వలేం.

నాలుగో మెట్టు అసలైన ఉక్కు కత్తి. అటక మీద తాతగారి జర్మనీ కత్తి ఉంటే దాన్ని పారేయొద్దు. పైపైన తుప్పుంటే పోతుంది. అంచు వరకూ గుంటలు పడితే మాత్రం జ్ఞాపకంగా దాచుకోవడమే. బాగుంటే నూరడం తెలిసినవాళ్లతో పదును పెట్టించి, రుద్దడం నేర్చుకుని, వాడిన ప్రతిసారీ తడి లేకుండా తుడిచి పెట్టుకోవాలి. ఓపికున్నవాళ్లకు అది జీవితకాలం వస్తుంది. ఓపిక లేనివాళ్లకు మూడో మెట్టే హాయి. అక్కడ ఆగిపోవడం ఓటమేమీ కాదు.

ఏ మెట్టు మీదున్నా ఇంట్లో ఒకరి బ్లేడు మరొకరు వాడకూడదు. తండ్రీ కొడుకులైనా, అన్నదమ్ములైనా సరే. పటిక ముక్క కూడా ఎవరిది వాళ్లకుండాలి. గాటు లోతుగా పడి, పొలం మట్టి తగిలితే ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగాలి. వాడిన బ్లేడును చెత్తలో ఊరికే పడేస్తే తీసేవాళ్ల చేతులు తెగుతాయి. మూతున్న చిన్న డబ్బాలో వేసి, నిండాక మూత బిగించి 'బ్లేడ్లు' అని రాసి ఇవ్వడం మర్యాద.

బారిష్టరు గారి క్షవరం

మొదటిసారి కత్తి పట్టి నవ్వులపాలైన వాళ్లలో గాంధీజీ కూడా ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో తెల్ల మంగలి ఆయనకు క్షవరం చేయనన్నాడు. గాంధీజీ బజారుకెళ్లి ఒక మిషను కొనుక్కుని అద్దం ముందు తన జుట్టు తానే కత్తిరించుకున్నారు. ముందువైపు ఫరవాలేదు గానీ వెనకవైపు పాడైపోయింది. కోర్టులో మిత్రులు ఎలుకలు కొరికాయా అన్నట్టు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఆత్మకథలో ఈ సంగతి చెబుతూ ఆయన ఒక మాట ఒప్పుకున్నారు. ఇంగ్లండ్ వెళ్లినవాళ్లంతా గడ్డం గీసుకోవడం నేర్చుకుంటారు గానీ జుట్టు కత్తిరించుకోవడం నేర్వరని. తనను కాదన్న ఆ మంగలిని మాత్రం ఆయన తప్పుపట్టలేదు. మన దేశంలో అంటరానివాళ్లకు క్షవరం చేయనివ్వలేదు కదా, ఆ పాపమే తనకు ఎదురొచ్చిందనుకున్నారు. కత్తి అంచు చెంపనే కాదు, ఊరి మనసునూ చూపిస్తుంది. డబ్బులిచ్చిన ప్రతివాడికీ ఒకే కుర్చీ, ఒక్కో కొత్త బ్లేడు ఉన్న సెలూనే నిజంగా పైమెట్టు ఎక్కినట్టు.

ఆ సాయంత్రం సెలూన్ కుర్చీలోంచి లేస్తూ కుర్రాడు జేబులో చెయ్యి పెట్టాడు. పెద్దాయన గడ్డం డబ్బులే తీసుకున్నాడు.

"ఇన్ని సంగతులు చెప్పావు, దానికేం వద్దా బాబాయ్?"

"చదువుకు డబ్బులు తీసుకుంటామా అబ్బాయ్! వచ్చే ఆదివారం నీ రేజరు తెచ్చుకో. నా ముందే గీసుకో, చూస్తా."

మరి ఆ రెండొందల కత్తి? అది ఇప్పుడు కళ్లంలోనే ఉంది. మిరప టిక్కీలు కుట్టేటప్పుడు పురికొస తెంపడానికి దాన్నే వాడుతున్నారు. పురికొసనైనా అది రెండు మూడు సార్లు లాగితే గానీ తెంపదట!